గోమార్లు పట్టే గుడ్డను నేను

మీటరు పొడవున్న తెల్ల ఫ్లానెల్ గుడ్డను నేను. ఒక అంచున కర్ర కుట్టి, దానికి తాడు కట్టి, ఇచ్చోడ చుట్టూ గడ్డిబీళ్లలో, టేకు చెట్ల కింద నన్ను ఈడ్చుకుపోతారు. నా నూగుకు గోమారి కాళ్లు తగులుకుంటాయి, తెలుపు మీద ఎంత చిన్నదైనా బయటపడుతుంది. కాసేపటికోసారి నన్ను తిరగేసి, పట్టకారుతో ఏరి స్పిరిటు సీసాలో వేస్తారు. సీసాలోని చీటీ పెన్సిలుతోనే రాయాలి. సిరా అయితే కరిగి ఊరిపేరే మాయమవుతుంది. మంచుకు తడిశానా, ఆ పూట నేను దండగ.

మా జాతికి పేరుంది. నేటి కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో 1957లో కోతులు రాలిపోయి, మనుషులు జ్వరాల పాలయ్యారు. ఆ జ్వరపు వైరస్‌ను మోసే హీమాఫైసాలిస్ స్పినిజెరా గోమారి కోసం అక్కడి అడవుల్లో తిరిగినవీ ఇలాంటి గుడ్డలే. ఆ గొప్పతోనే ఇక్కడికొచ్చాను.

ఓ పసుల కాపరి నన్ను చూసి నవ్వాడు. "గడ్డిల ఏం దొర్కుతయ్ సారూ? నా ఎద్దు గంగడోలు కింద చూడుండ్రి."

చూశారు. గుత్తులు గుత్తులుగా రైపిసెఫాలస్ మైక్రోప్లస్! ఇది పిల్లగా ఎక్కిన పశువు మీదే మూడు వారాలు పెరిగి, జతకడుతుంది. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది నేలరాలి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. కాబట్టి నాకు చిక్కేవి ఆరుకాళ్ల పిల్లలే, పెద్దవాటి లెక్కంతా ఎద్దు దగ్గరుంది. హయలోమ్మా అనటోలికమ్ మరీ గడుసుది. గడ్డికొసన కాచుకోకుండా కొట్టం గోడల పగుళ్లలో నక్కి, పశువును పసిగట్టగానే చారల కాళ్లతో పరుగెత్తుతుంది. సంకరజాతి ఆవులకు థైలీరియా జ్వరం అంటించేది ఇదే. మందు ఆవు ఒంటికే కొట్టి గోడను వదిలేసే రైతును ఏమనాలో నాకు తెలీదు. నన్నొక్కదాన్నే నమ్మి పటం గీస్తే, అడవి అంచున మేకలను పట్టే హీమాఫైసాలిస్‌లే ఈ ప్రాంతాన్ని ఏలుతున్నట్టు తేలేది.

"ఇవి పట్టిన గొడ్డు ఒక్కోపారి ఎర్రగ ఉచ్చ పోస్తది సారూ," అన్నాడు కాపరి మళ్లీ. అమెరికాలో ఇలాగే ఎర్రమూత్రం పోయించే టెక్సాస్ జ్వరం గురించి పశువులవాళ్లు గోమార్లనే అనుమానిస్తే చాలామంది చదువుకున్నవాళ్లు కొట్టిపారేశారు. చివరికి స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు 1893లో అచ్చువేసిన నివేదికలో అదే నిజమని చూపించారు. ఆ ఎర్రమూత్రం బాబేసియా అనే పరాన్నజీవి పని.

మా సారు కాపరి మాట రాసుకున్నాడు. మర్నాడు నన్ను జీపులోనే వదిలేసి, టార్చిలైటు పట్టుకుని కొట్టాల గోడలు వెతకబోయారు. ముందు నడిచింది కాపరే.