వంతెనకి గుడ్లెన్ని?

ప్రాగ్‌లో ఏ రాయిని తట్టినా రెండు సంగతులు చెబుతుంది. ఒకటి నిజం, రెండోది అంతకంటే బాగుండేది. వారాంతానికని వెళ్ళినవాడికి రెండూ వినే తీరిక ఉండదు, ఏదో ఒకటి నమ్మి వచ్చెయ్యాలి. మా అత్తయ్యగారూ మామయ్యగారూ చెరొకటీ పంచుకున్నారు. నేను టిక్కెట్లు కొన్నాను.

మేముండేది డ్రెస్డెన్‌లో. అక్కడ రైలెక్కితే ఎల్బ నది పక్కనే పోయి పోయి, రెండున్నర గంటల్లోపే ప్రాగ్‌లో దింపుతుంది. జులై మొదట్లో అత్తామామలు రాజమండ్రి నుంచి వచ్చారు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదన్నారు గానీ, పాత అల్లుడింటికి అత్తామామలు రాకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు. మామయ్యగారు ఆర్ అండ్ బీలో డీఈగా రిటైరయ్యారు. రోడ్డు చూస్తే తారెంత వేశారో, గోడ చూస్తే సిమెంటెంత తిన్నారో చెబుతారు. అత్తయ్యగారికి పంచాంగం చూడందే కాలు బయటపడదు. తెచ్చిన పులిహోర సరిహద్దు దాటకముందే అయిపోయింది. అదొక్కటే అనుకున్న టైముకి జరిగింది.

మొదట గడియారం. పాత టౌన్‌హాలు గోడకి 1410లో బిగించారు. ఇప్పటికీ నడుస్తున్న ఇలాంటి ఖగోళ గడియారాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. గంట కొట్టే వేళకి ఓ పావుగంట ముందే జనం తలలెత్తి, ఫోన్లెత్తి నిలబడతారు. గంటవగానే పక్కనున్న అస్థిపంజరం ఒక చేత్తో తాడు లాగుతుంది, రెండో చేత్తో ఇసుక గడియారం ఎత్తి చూపిస్తుంది. టైమైంది పద, అని. దాని పక్కన తలపాగా ఆయన రానుగాక రానని తల అడ్డంగా ఊపుతాడు. పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది అపొస్తలులు వరసగా మొహాలు చూపించి పోతారు. చివర్లో బంగారు కోడి ఓ కూత కూస్తుంది. తలుపులు మూసుకుంటాయి. అంతా కలిపి నిమిషం పట్టదు. ‘ఇంతేనా?’ అన్నమాట ఒకేసారి ఇన్ని భాషల్లో వినబడే చోటు ఇంకొకటి ఉండదనుకుంటాను.

అత్తయ్యగారు అపొస్తలుల్ని చూడనేలేదు. ఆవిడ కళ్ళు గడియారం ముఖంమీదే ఉన్నాయి. అక్కడో చక్రంలో పన్నెండు రాశులూ ఉంటాయి. బంగారు సూర్యుడు ఒక ముల్లుమీద, చంద్రుడు ఇంకో ముల్లుమీద వాటిల్లో తిరుగుతుంటారు.

“ఏమండీ, సూర్యుణ్ణి కర్కాటకంలో పెట్టారేమిటి? పదహారో తారీకు దాకా మిథునంలోనే కదా!”

ఆరువందల ఏళ్ళలో ఆ గడియారాన్ని ఇలా నిలదీసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళది సాయనం, మనది నిరయనం, రెండింటికీ ఇరవైనాలుగు డిగ్రీల దాకా తేడా, ఎవరి లెక్కలో వాళ్ళు సరే అని నాకొచ్చినంతలో చెప్పాను. ఇద్దరూ రైటే అంటే ఒప్పుకునే మనిషి కాదావిడ. పైగా బయటి చక్రం మీద అంకెలు పాత బొహీమియా లెక్కవనీ, అందులో రోజు పొద్దు గుంకాక మొదలవుతుందనీ తెలిశాక, “పోనీలే పాపం, మిషను మంచిదే, పంతులుగారికే రాదు” అని తేల్చేశారు.

గొడుగెత్తుకుని మమ్మల్ని తోలుకెళ్తున్న గైడు అసలు కథ అప్పుడెత్తుకున్నాడు. ఈ గడియారం చేసినవాడు హనుష్ అనే పనిమంతుడట. ఇంకో ఊరికి ఇలాంటిది చేసిపెడతాడేమోనని ఊరిపెద్దలు కాల్చిన ఇనుముతో కళ్ళు తీయించారట. వాడు తడుముకుంటూ వచ్చి యంత్రంలో చెయ్యిపెట్టి ఆపేశాడట. అత్తయ్యగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నిజమేమిటంటే, దీన్ని చేసింది కదాన్ ఊరివాడైన మికులాష్, లెక్కలు కట్టింది యాన్ షిండెల్ అనే ఖగోళ పండితుడు. కళ్ళు పీకిన ముచ్చటే లేదు. మామయ్యగారికి ముందే అనుమానం వచ్చింది. “పని అయ్యాక కాంట్రాక్టరు కళ్ళు పీకే రూలే ఉంటే మా జిల్లాలో సగంమంది గుడ్డివాళ్ళయ్యేవారండీ” అన్నారు. గైడుకి మాత్రం అత్తయ్యగారు ఓ నోటు ఎక్కువే ముట్టజెప్పారు. నిజం చెప్పినందుకు ఎవరిస్తారు?

మధ్యాహ్నం భోజనానికి శాకాహారికి ఆ ఊళ్ళో ఒక గట్టి దిక్కుంది. చీజు పలకకి రొట్టెపొడి అద్ది నూనెలో వేయిస్తారు. ఆవకాయ సీసా మా సంచీలోనే ఉంది కనక సమస్య రాలేదు. వచ్చింది ఆ తరవాత. కడ్డీకి పిండి చుట్టి నిప్పులమీద కాల్చి చక్కెర అద్దే త్రదెల్నిక్ వీధివీధినా కనిపిస్తుంది. ‘ప్రాచీన బొహీమియా వంటకం’ అని బోర్డు. ప్రాగ్ వీధుల్లోకి ఇది ఇంత జోరుగా వచ్చింది నిన్నగాక మొన్న, ఈమధ్య దశాబ్దాల్లోనే. అత్తయ్యగారికి ప్రాచీనత అక్కర్లేదు, “ఇందులో గుడ్డుందా?” అన్నదే ప్రశ్న. ఉండొచ్చన్నాడు కొట్టువాడు. కొనలేదు. అక్కణ్ణుంచి నేరుగా చార్లెస్ వంతెన మీదికి నడిపించాను.

నాలుగో చార్లెస్ చక్రవర్తి దీనికి 1357లో, తొమ్మిదో తారీకు, ఏడోనెల, పొద్దున్న 5 గంటల 31 నిమిషాలకి శంకుస్థాపన చేశాడని అంటారు. అంకెలు వరసగా పేర్చి చూడండి: 1-3-5-7-9-7-5-3-1. ఎటునుంచి చదివినా ఒకటే. ముహూర్తం మాట వినేసరికి చార్లెస్ మీద అత్తయ్యగారికి గౌరవం పుట్టింది. అది ఓ నాలుగు నిమిషాలు నిలిచింది. గైడు సున్నం గురించి చెప్పేదాకా.

సున్నం గట్టిపడడానికి అందులో కోడిగుడ్లు కలిపారట. ఊళ్ళో గుడ్లు చాలక రాజ్యంలోని ఊళ్ళన్నిటికీ కబురంపారట. వెల్వరి అనే ఊరివాళ్ళు, దారిలో పగిలిపోతాయేమోనని జాగ్రత్తగా ఉడకబెట్టి మరీ పంపారట. మామయ్యగారు రెయిలింగు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. “ఇండెంటులో పచ్చివి అని రాయకపోతే ఇంతేనండీ! అసలు ఎస్టిమేటులో ఎన్ని గుడ్లని వేశాడు? లెస్ అయినవాటికి లెక్కెవడు చూశాడు?”

అత్తయ్యగారు నవ్వలేదు. ఆగిపోయారు. సరిగ్గా వంతెన మొదట్లో, ఒక కాలు రాయిమీదా ఒక కాలు రోడ్డుమీదా పెట్టి.

“గుడ్లు వేసినదాని మీదనా మనం నడిచేది?”

వెనక జనం పోగయ్యారు. అర కిలోమీటరు పొడుగు, పదహారు కమానులు, రెండువైపులా ముప్పై విగ్రహాలు, అవతలి ఒడ్డున కోట. అన్నీ ఆవిడ అరికాలి దగ్గర ఆగాయి. అప్పుడు మామయ్యగారు, సర్వీసంతా దాచిపెట్టిన రహస్యంలా, మెల్లిగా అన్నారు: “మీ తాతగారి లోగిలి గోడలు అద్దంలా మెరిసేవి కదే. డంగు సున్నంలో బెల్లమూ, కరక్కాయ నీళ్ళూ కాక ఇంకేం వేశారనుకున్నావు? గుడ్డుసొనే.”

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నదికేసి చూస్తూ వంతెన దాటేశారు. మధ్యలో నెపొముక్ యోహాను విగ్రహం దగ్గర మాత్రం ఆగారు. 1393లో ఆయన్ని ఇక్కడే వల్తవా నదిలో తోసి చంపారు. విగ్రహం కింది కంచు పలకని ముట్టుకుంటే మళ్ళీ ప్రాగ్ వస్తారని నమ్మకం. ముట్టీ ముట్టీ అది బంగారంలా తేలింది. ఆవిడా ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. నేను విమానం ఛార్జీలు లెక్కేసుకున్నాను.

కోట గేటు దగ్గర తనిఖీ, పెద్ద లైను. ఈ ఊరివాడే కాఫ్కా ‘ది క్యాజిల్’ అని ఒక నవల రాశాడు, అందులో ఓ సర్వేయరు కోటలోకి వెళ్ళలేక నవలంతా తిరుగుతూనే ఉంటాడని లైన్లో నిలబడి చెప్పాను. “పింఛను కాయితాలకి తిరిగాడా?” అన్నారు మామయ్యగారు. కాఫ్కా మీద నేను విన్న విమర్శల్లో ఇదే పొట్టిది.

సెయింట్ వైటస్ చర్చి ముందు మామయ్యగారు టోపీ తీశారు. భక్తనుకున్నాను. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారని బోర్డుమీద చదివారు. గొంతు గద్గదమైంది. “585 ఏళ్ళు! ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ ఎన్నిసార్లు ఇచ్చుంటారు అల్లుడుగారూ!”

ఆఖరికి పాత రాజభవనంలో ఆ కిటికీ. 1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు ఇద్దరు కాథలిక్ అధికారుల్నీ, ఫాబ్రిషియస్ అనే వాళ్ళ గుమాస్తానీ ఎత్తి బయటికి విసిరేశారు. ముప్పై ఏళ్ళ యుద్ధానికి నాంది అదే. ఇరవై మీటర్ల పైచిలుకు ఎత్తు. ముగ్గురూ బతికారు. మేరీమాత దేవదూతలతో వచ్చి పట్టుకుందని కాథలిక్కులు అన్నారు, కింద పెంటకుప్ప ఉందని ప్రొటెస్టెంట్లు అన్నారు.

మామయ్యగారు కిందికి తొంగిచూసి, వాలు బాగానే ఉంది, కుప్పే అయ్యుంటుందన్నారు. అమ్మవారు తప్ప ఇంకెవరు కాపాడతారన్నారు అత్తయ్యగారు. మాటా మాటా పెరిగింది. వీళ్ళ యుద్ధానికి ముప్పై ఏళ్ళెప్పుడో దాటాయి కనక నేను కలగజేసుకోలేదు. గొడవ మళ్ళిద్దామని, ఆ గుమాస్తాకి చక్రవర్తి తరవాత జమీందారీ బిరుదిచ్చి ‘ఎత్తునుంచి పడ్డవారు’ అని అర్థం వచ్చే ఇంటిపేరు పెట్టాడని చెప్పాను.

“చూశారా, పై ఆఫీసర్లతో పాటు పడితే గుమాస్తాకి కూడా ప్రమోషనే!” అన్నారు మామయ్యగారు మురిసిపోతూ.

అత్తయ్యగారు మాత్రం ఇంకో సంగతి ఆలోచిస్తున్నారు. “ప్రమోషను సరే. పైనుంచి పడ్డవారి అబ్బాయంటే పిల్లనెవరిస్తారండీ?”