మిక్సింగ్ అన్న

పెళ్లి డీవీడీలో మూతికీ మాటకీ పొత్తు కుదరకపోతే మార్కాపురం, గిద్దలూరు వైపు తిట్లు తినేది మిక్సింగ్ అన్నే. కెమెరామేనుకి పెళ్లినాడే భోజనం, మర్యాద దక్కాయి. నెలల తర్వాత తలుపులేసిన గదిలో ఆ క్యాసెట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చూసేవాడు మాత్రం ముద్దాయి. అతని మీదున్న పెద్ద అభియోగం, సింక్ తప్పిన చోటల్లా సినిమా పాట పరిచేస్తాడని. పరుస్తాడు, నిజమే. అది బద్ధకం కాదు, పనితనం అని నా వాదన.

సింక్ తప్పడం అంతా ఒకటే రకం కాదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే కొలత తేడా అయితే ఆడియోను నాలుగు ఫ్రేములు జరిపితే సరి, టీ చల్లారేలోపు అయిపోతుంది. అసలు తంటా జరుగుతూ పోయే తేడాతో. జీలకర్ర బెల్లం దగ్గర అంతా బాగుంటుంది, తలంబ్రాలకి కాస్త వెనకబడుతుంది, అప్పగింతలకొచ్చేసరికి పెళ్లికూతురు కళ్లు తుడుచుకున్నాక ఏడుపు వినిపిస్తుంది. క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు నడుమ ఫ్రేములు రాలిపోతే ఇలా అవుతుంది. మైకుసెట్టు నుంచి వేరే రికార్డరులో తీసుకున్న ధ్వని అయితే, రెండు యంత్రాల గడియారాలకు పది వేల సెకన్లకు ఒక్క సెకను తేడా ఉన్నా చాలు. మన పాల్ వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి గంటకు 9 ఫ్రేములు జరిగిపోతుంది. ఇంకో చిక్కు ధ్వని నమూనాల లెక్కతో: ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, డీవీడీలో 48,000. మొదటిదాన్ని మార్చకుండా రెండోదిగా నడిపిస్తే పురోహితుడి గొంతు కుర్రగొంతవుతుంది, గంట మంత్రాలు 55 నిమిషాల్లో ముగుస్తాయి. (పెళ్లికొడుకు తరఫువాళ్లకు ఇది పెద్ద అభ్యంతరం కాకపోవచ్చు.)

ఇవన్నీ అతను పుస్తకంలో చదవలేదు, కొబ్బరికాయ దగ్గర నేర్చుకున్నాడు. ధ్వని గీతలో కాయ పగిలిన చోట నిటారుగా ఒక ముల్లు లేస్తుంది. బొమ్మలో కాయ రాయికి తగిలిన ఫ్రేము పట్టుకుని రెండింటినీ కలుపుతాడు. మళ్లీ చివర్లో ఏ డోలు దెబ్బో వెతికి అక్కడా కలుపుతాడు. నడుమ మిగిలిన తేడాను మౌనం దొరికిన చోటల్లా కోసి సర్దుతాడు. తేల్చుకోలేకపోతే ధ్వనిని ఒక ఫ్రేము వెనక్కే నెడతాడు, ముందుకు మాత్రం రానివ్వడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 సిఫార్సు కూడా ఇతని వైపే ఉంది. ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడట, వెనకబడితే 125 దాకా గమనించడట. లోకంలో శబ్దం ఎప్పుడూ చూపు వెనకే వస్తుంది మరి. 34 మీటర్ల దూరాన మోగే డోలు పదోవంతు సెకను ఆలస్యంగానే చెవిన పడుతుంది.

"ఏందబ్బయా, పంతులు నోరు తెరవకముందే మంత్రం వస్తాంది?" అని పెద్దాయన నిలదీస్తే, "పెదనాయనా, తేడా మీ టీవీలో ఉంది" అంటాడు. తప్పించుకునే మాటలాగే ఉంటుంది. కానీ కొత్త ఎల్‌సీడీ టీవీలు బొమ్మను సానబట్టడానికి కొంత సమయం తీసుకుంటాయి, పక్కన పెట్టిన స్పీకర్లు ఆగవు. కాబట్టి సగం సార్లయినా అతని మాట నిజమై ఉండాలి. మిగతా సగానికి పూచీ నాది కాదు. డీవీడీ మార్కాపురం పలక కాదు, తుడిచి మళ్లీ రాయడానికి. ఒకసారి కాల్చాక అంతే. అందుకే "రెండరింగ్ పెట్టాను, రేపు రండి" అనే మాట అతని నోట అన్నిసార్లు వినిపిస్తుంది.

పాట పరచడం మోసం కాదా అంటారు. ఎక్కడ పరుస్తాడో చూడండి. బంతిభోజనాల మీద, చదివింపుల వరస మీద, ఫొటోల కోసం గంటసేపు నిలబడ్డ బంధువుల మీద. అక్కడ ఎవరి మాటా ఎవరికీ అక్కర్లేదు, ఆ రోజు కూడా అక్కర్లేదు. గట్టిమేళం మీద మాత్రం పాట వేయడు. తాళి ముడి పడే క్షణానికి డోలు దెబ్బ అటూ ఇటూ అయితే ఆ ఇంట్లో మళ్లీ గడప తొక్కలేడని అతనికి తెలుసు. ఆ రెండు నిమిషాలకు ఒక పూట పని పెడతాడు.

డీవీడీల కాలం పోయిందిగా, పెన్‌డ్రైవ్‌లో ఈ గొడవ ఉండదుగా అని ఇంకొకరంటారు. ఎందుకుండదు? ఇప్పుడు మేనమామలందరూ ఫోన్లలో తీసిన ముక్కలు తెచ్చి కలపమంటారు. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని ఒక లెక్క మీద నిలవవు, వెలుగు తగ్గితే తగ్గిస్తాయి. దాంతో జరుగుతూ పోయే తేడా మళ్లీ మొదటికొచ్చింది. వాటి మీదా పాటే పరుస్తాడు. కాకపోతే ఈమధ్య ఆ పాటేదో ఆడపెళ్లివాళ్లనే ఎంచుకోమని, వాట్సాప్‌లో రాయించుకుంటున్నాడు.