పుల్లగూర సూత్రానికి లఘుటీక

మూలం: "ఉండేవన్నీ కోసి ఉడకేసుకో అమ్మీ. నీళ్లు పారబోయాకు. మెత్తగా ఎనుపు. తిరగవాత ఎయ్యి. అంతే, అయిపాయ."

అవతారిక: ఆదోనిలో ఒక కొత్తకోడలు పుల్లగూర చేసే విధం అడగగా, జొన్నరొట్టె తట్టే చెయ్యి ఆపకుండానే అవ్వ సెలవిచ్చిన సూత్రమిది. కొలతలు లేవు, కాలనియమం లేదు. టీక రాయక తప్పింది కాదు. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మార్గమే మాకూ శరణ్యం.

"ఉండేవన్నీ": ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ అని పైకి తోచే అర్థం. అట్లని కాకరకాయ వేసినవాడికి టీకాకారుడు బాధ్యుడు కాడు. వంకాయ, టమోటా, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ ప్రధానం. గుప్పెడు పుంటికూర దొరికితే చింతపండు తగ్గించాలి. ఏది ఎంత అన్నది అవ్వ మరిచిపోయి వదల్లేదు, సంతకు వదిలింది. ధర పడిపోయి పత్తికొండ రైతులు టమోటాలను రోడ్డు పక్కన కుమ్మరించి పోయే రోజుల్లో ఇది టమోటా పుల్లగూర. ధర మండిపోయే నెలలో వంకాయ పుల్లగూర. అయినా పట్టుబట్టేవారికోసం చెబుతున్నాం: నలుగురికి పావుకిలో వంకాయలు, పావుకిలో టమోటాలు, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, ఎనిమిది పచ్చిమిరపకాయలు, చిన్న నిమ్మకాయంత చింతపండు.

విజయనగర సైనికులు ఆదోని కోట మీద కూర్చుని ఇదే తిన్నారనే వాదం చెల్లదు. మిరప, టమోటా రెండూ అమెరికా ఖండం సరుకు. మిరప పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది, టమోటా మన వంటిళ్లలో కుదురుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇక ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో కలిసేదాకా బళ్ళారి జిల్లాలోనివి. కాబట్టి అటువైపు చుట్టం దీన్ని గొజ్జు అంటే కలహించరాదు, ఇంకో రొట్టె వడ్డించాలి.

"ఉడకేసుకో": చింతపండు ఎప్పుడు వేయాలన్నదే ఇక్కడి వివాదం. అన్నీ కలిపి ఒకేసారి పొయ్యిమీద పెట్టాలని ఆదోని పక్షం. పత్తి తీసి పొద్దుగూకాక ఇల్లు చేరిన మనిషికి రెండో విడత ఓపిక ఉండదని వారి హేతువు. ముక్కలు మెత్తబడ్డాకే వేయాలని దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు పక్షం. పులుపు ముందే తగిలితే వంకాయ తొక్క మొండికేసి ఎంతసేపటికీ మెత్తబడదు. శాస్త్రం ఎమ్మిగనూరుది, కడుపు ఆదోనిది. మేము ఆకలి లేనప్పుడు ఎమ్మిగనూరు పక్షం.

"నీళ్లు పారబోయాకు": సూత్రానికి ప్రాణం ఈ నిషేధంలో ఉంది. ముక్కలు మునిగీ మునగనంత నీళ్లు పోసి, ఉడికాక ఆ నీటిని వేరే గిన్నెలోకి వంచుకుని, ఎనిపేటప్పుడు కొంచెం కొంచెంగా తిరిగి పోయాలి. పిండి వద్దు, పప్పు వద్దు. ఉడుకునీళ్ల విలువ ఎమ్మిగనూరు వారికి ఒకరు చెప్పాలా? 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. పడుగుకు గంజి పెట్టి బలం తెచ్చేవాళ్లు కూర ఉడికిన నీళ్లు తూములో పోయరు.

"ఎనుపు": పప్పుగుత్తితో, గిన్నె అంచుకు ఆనించి, ముక్క ఆనవాలు అక్కడక్కడా మిగిలేటట్టు. "మెత్తగా" అన్నారు గదా అని మిక్సీలో వేసే పాఠం కొన్ని అర్వాచీన ప్రతుల్లో కనిపిస్తున్నది. అది ప్రక్షిప్తం. మిక్సీలో వంకాయ విత్తనం నలిగి చేదెక్కుతుంది, కూర నురగ కట్టి పచ్చడికీ చారుకూ మధ్య ఎటూ కాకుండా పోతుంది. అట్టి పండితులతో వాదం అనవసరం, వాళ్లింట భోజనం అంతకన్నా అనవసరం.

"తిరగవాత": శబ్దాలంకారం. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, దంచిన వెల్లుల్లి. పక్కింటికి వినిపిస్తే చాలు.

"అంతే": ఇది మాత్రం సత్యదూరం. ఉప్పు మాటే మూలంలో లేదు. ఉపదేశలోపమా, లేఖకదోషమా అని కోడలు వెళ్లి అడిగితే, "అదీ నేనే చెప్పాల్నా?" అన్నదట అవ్వ. టీకాకారుని ప్రతిజ్ఞ ఈ ఒక్కచోట భంగమైంది: ఒక చెంచా, ఎనిపేముందే వేయాలి, చాలకపోతే రొట్టె తుంచి రుచి చూశాక చిటికెడు.