సాయంత్రానికల్లా సన్నబడే శాస్త్రం

దిల్‌సుఖ్‌నగర్ తొందరను అమ్ముకుని బతికే పేట. మూసారాంబాగ్ నుంచి చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల నీడన నడుచుకుంటూ పోతే, మనిషి జీవితంలో ఏ పనికి ఎన్నాళ్లు పడుతుందో బోర్డులే చెప్పేస్తాయి. ముప్పై రోజుల్లో ఇంగ్లిషు, మూడు నెలల్లో కోడింగు, ఆరు నెలల్లో సర్కారు కొలువు. ఈ వరసలో ఇప్పుడు నడుము కూడా చేరింది. దానికి రోజులు అక్కర్లేదట, ఒక పూట చాలట. పొద్దున వచ్చి కొవ్వు తీయించుకుని, సాయంత్రం మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లిపోవచ్చట. నల్గొండ నుంచో సూర్యాపేట నుంచో బస్సు దిగిన కుర్రాడికి కోచింగ్ సెంటరు వాడు కనీసం సిలబస్ అయినా చూపిస్తాడు. నడుము అమ్మేవాడు చూపించేది రెండే ఫొటోలు: ముందు, తర్వాత. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి మందాన ఒక తెల్లగీత ఉంటుంది. చికిత్స అంతా, ఖర్చంతా, నొప్పంతా, కనీసం మూడు నుంచి ఆరు నెలల కాలమంతా ఆ గీతలోనే ఉంది. లైపోసక్షన్ వ్యాపారంలో అసలు కిటుకు కొవ్వు పీల్చడంలో లేదు, ప్రకటనలోంచి ఆ ఆరు నెలలను పీల్చేయడంలో ఉంది.

లైపోసక్షన్ బూటకమని ఎవరూ అనడం లేదు. అది పడుతూ లేస్తూ ఎదిగిన విద్య. 1920ల్లో పారిస్‌లో షార్ల్ దుజారియే అనే సర్జన్ ఒక నర్తకి కాలిలో కొవ్వు గోకి తీయబోతే గాంగ్రీన్ వచ్చి ఆ కాలే తీసేయవలసి వచ్చింది. చాలాకాలం తర్వాత 1970ల్లో ఇటలీలో ఫిషర్ తండ్రీకొడుకులు, వారి వెనకే పారిస్‌లో ఈవ్ జెరార్ ఇలూజ్, సన్నని గొట్టాలతో కొవ్వు పీల్చే పద్ధతిని నిలబెట్టారు. 1985లో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ సెలైన్‌లో లిడోకెయిన్ మత్తుమందు, అడ్రినలిన్ కలిపి ముందుగా కొవ్వుపొరలోకి ఎక్కించే విధానం తెచ్చాడు. దాంతో రక్తస్రావం బాగా తగ్గింది. ఇంత కష్టపడి పెంచిన ఈ విద్య ఉద్దేశం ఆకృతి దిద్దడం. బరువు ఇంచుమించు సరిగానే ఉండి, చర్మం బిగువు తప్పక, ఎంత నడిచినా తొడల దగ్గరో పొట్ట కిందో మొండికేసి కూర్చున్న కొవ్వు ఉన్నవారికి ఇది బాగా పనికొస్తుంది. అంటే ఈ చికిత్సకు సిసలైన అర్హత ఉన్నవాడు దాదాపు సన్నగానే ఉంటాడు. బోర్డు మాత్రం లావుపాటి వాళ్లనే పేరుపెట్టి పిలుస్తుంది. ఈత వచ్చినవాళ్ల కోసం కట్టిన కొలనుకు మునిగిపోతున్నవాళ్లను రమ్మనడం లాంటిది ఇది.

లెక్క చూద్దాం. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం, పీల్చిన మొత్తం 5 లీటర్లు దాటేలా ఉంటే ఆ ఆపరేషన్ ఆస్పత్రిలోనో, గుర్తింపు పొందిన కేంద్రంలోనో చేసి, రోగిని రాత్రంతా కనిపెట్టి ఉండాలి. ఆ 5 లీటర్లలో ఎక్కించిన ద్రవమూ కలిసే ఉంటుంది కనుక తూకానికి వచ్చే కొవ్వు 5 కిలోలు కూడా ఉండదు. తొంభై కిలోల మనిషి ఆ లెక్కన ఎనభై అయిదు దాటిన మనిషిగా బయటికి వస్తాడు. పైగా ఒంట్లో నీరు చేరడం వల్ల మొదటి రోజుల్లో తూకం తగ్గకపోగా పెరగవచ్చు కూడా. ఈ సంగతి తెలియక మూడో రోజున కాటా ఎక్కిన మనిషికి, తాను కట్టిన డబ్బుకు ప్రతిగా క్లినిక్ వాళ్లు ఏం తీశారో, ఏం పెట్టారో అర్థం కాదు.

బరువు పోనీ, ఆరోగ్యమైనా వస్తుందా? మన పొట్టల కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. చర్మం కింద ఉండే కొవ్వు వేరు, కండరాల గోడకు లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. షుగరుకు, గుండెజబ్బుకు దారితీయడంలో రెండోదాని పాత్రే పెద్దది. లైపోసక్షన్ గొట్టం దాని దాకా పోదు, పోకూడదు, పోతే ప్రాణం మీదికి వస్తుంది. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుమును ప్రమాదంగా లెక్కించాలని భారతీయులకు వేరే కొలతలు పెట్టింది కూడా మనకు లోపలి కొవ్వు పోగయ్యే గుణం ఎక్కువ కాబట్టే. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో శామ్యూల్ క్లైన్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. పదిహేను మంది స్థూలకాయ మహిళల పొట్టనుంచి ఒక్కొక్కరికి 10 కిలోల దరిదాపు కొవ్వు తీశారు. పది, పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరులో, బీపీలో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తిండి తగ్గించి, నడిచి అంతకన్నా చాలా తక్కువ బరువు తగ్గినవారికి కూడా ఈ అంకెలు మెరుగవుతాయి. అంటే అద్దాన్ని మెప్పించవచ్చు గానీ, ల్యాబ్ రిపోర్టు మొహమాటపడదు.

మరి తీసిన కొవ్వు తీసినట్టేనా? తీసిన కణాలు తిరిగి రావన్నది ప్రకటనకర్తలకు ఇష్టమైన వాక్యం. అందులో నిజముంది, అందుకే ప్రమాదకరం. 2011లో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు తొడలు, పిరుదుల దగ్గర కొవ్వు తీయించుకున్న స్త్రీలను ఏడాదిపాటు గమనించారు. ఆరు వారాలకు కనిపించిన తేడా ఏడాదికల్లా చెరిగిపోయింది. కొవ్వు తొడలకు రాలేదు, పొట్టకు వచ్చింది. 2012లో బ్రెజిల్ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, పొట్ట లైపోసక్షన్ తర్వాత వ్యాయామం చేయనివారిలో లోపలి కొవ్వు సుమారు పదిశాతం పెరిగిందనీ, వ్యాయామం చేసినవారిలో పెరగలేదనీ చూపించారు. ఖాళీ చేయించిన అద్దెదారు ఊరు వదలకుండా పై అంతస్తులో చేరాడన్నమాట. చివరికి వ్యాయామం తప్పదు. తప్పించుకోవడానికే కదా లక్ష పైచిలుకు కట్టింది!

ఇప్పుడా తెల్లగీతలోకి వద్దాం. ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజులు చిన్న గాట్లలోంచి గులాబీరంగు ద్రవం కారుతూనే ఉంటుంది. దుప్పట్లు తడుస్తాయి, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది మామూలే, కానీ ముందే చెప్పినవాళ్లకు మాత్రమే మామూలు. వాపు మొదటి వారంలో పెరిగి ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. కమిలిన ఊదామచ్చలు రెండు మూడు వారాలు ఉంటాయి. ఒంటికి అతుక్కునే బిగుతు దుస్తు నాలుగు నుంచి ఆరు వారాలు, దాదాపు రాత్రింబవళ్లు, వేసుకోవాలి. మే నెలలో ఎల్బీనగర్ చౌరస్తా ఎండలో అది ఎలా ఉంటుందో ఏ బోర్డూ రాయదు. కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి ఓ వారానికి వెళ్లవచ్చు, బరువులెత్తే పనికి నెల పైన పడుతుంది. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజునుంచే కాస్త కాస్త నడవాలి. తీసినచోట మొద్దుబారినట్టు ఉండటం వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతుంది. అసలు ఆకారం తేలేది మూడు నుంచి ఆరు నెలలకు. అప్పుడు కూడా కొందరికి ఎగుడుదిగుళ్లు, వేలాడే చర్మం మిగలవచ్చు. ఇక సాయంత్రమే ఇంటికి అన్న మాట సంగతి. జెఫ్రీ క్లైన్ పద్ధతిలో ఎక్కించిన లిడోకెయిన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది సుమారు 12 గంటల తర్వాత. పొద్దున పదింటికి ఎక్కిస్తే రాత్రి పదింటికి. అప్పటికి రోగి వనస్థలిపురంలో తన మంచం మీద ఉంటాడు, క్లినిక్ షట్టరు దిగి ఉంటుంది. సరైన మోతాదులో, సరైన మనిషికి అయితే భయం లేదు. మోతాదు తప్పితే మాత్రం ఫోను ఎత్తేవాడెవడన్నది ప్రశ్న. ముందు, తర్వాత ఫొటోల మధ్య నాలుగో రోజు ఫొటో కూడా తప్పనిసరి చేస్తే, ఈ ప్రకటనల్లో సగానికి పైగా ఆ వారమే దిగిపోతాయి.

మరణాలు చాలా అరుదు కదా, ఎందుకీ భయపెట్టడం అని అడగవచ్చు. నిజమే. 2000లో అచ్చయిన గ్రేజర్, డి యోంగ్ సర్వేలో దాదాపు 5 లక్షల లైపోసక్షన్లలో 95 మరణాలు తేలాయి, అంటే సుమారు 5,000లో ఒకటి. కారణాల్లో మొదటిది ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, ఆ తర్వాతి వాటిలో ప్రధానమైనది పొట్టగోడకు చిల్లు. ఇది బోర్డు సర్టిఫికెట్ ఉన్న అమెరికా సర్జన్ల చేతుల్లో వచ్చిన లెక్క. ప్రాణం నిలబెట్టే ఆపరేషన్‌లో ఆ మాత్రం ప్రమాదాన్ని ఎవరైనా కళ్లకద్దుకుని ఒప్పుకుంటారు. కానీ ఇక్కడ బల్ల ఎక్కేది ఆరోగ్యంగా ఉన్న మనిషి. తెలుగువారు నటి ఆర్తీ అగర్వాల్‌ను మరిచిపోలేదు. 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే ఆమె కన్నుమూసినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ జరిగిందని పత్రికలన్నీ రాశాయి. ఆ మరణానికి అదొక్కటే కారణమని తీర్పు చెప్పడం మన పని కాదు. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తీసే ఆపరేషన్ కోసం చేరిన కన్నడ టీవీ నటి చేతనా రాజ్ 21 ఏళ్లకు పోయింది. ఇద్దరూ తెరమీద కనపడాల్సిన వాళ్లు. సన్నబడమని వాళ్లను వేధించిన లోకమే, పోయాక ఎందుకు చేయించుకుందని నిట్టూర్చింది.

వాళ్ల ఒళ్లు, వాళ్ల డబ్బు, మధ్యలో మీకేమిటి అనేది రెండో అభ్యంతరం. ఇది గట్టి మాట. చేయించుకునేవారిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. పెళ్లిచూపుల్లో, ఆఫీసు లిఫ్టులో, చుట్టాల ఫంక్షన్లో తూకం వేయబడే మనిషి తన ఒంటి గురించి తాను తీసుకునే నిర్ణయం ఇది. కానీ నిర్ణయం అనాలంటే సమాచారం ఉండాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు తెలిశాక ఇచ్చిందే అసలైన సమ్మతి. ఆపరేషన్ నాటి పొద్దున, ఏమీ తినకుండా వచ్చిన మనిషి చేతిలో ఇంగ్లిషు కాగితాల కట్ట పెట్టి సంతకం పెట్టించుకోవడం సమ్మతి కాదు, రసీదు. అదే క్లినిక్‌లో ఆఫర్ పోస్టరు మాత్రం చక్కని తెలుగులో ఉంటుంది.

అర్హులైన డాక్టర్లే చేస్తున్నారు, చట్టాలున్నాయి కదా అనేది మూడోది. చట్టాలు భేషుగ్గా ఉన్నాయి. 2002 నాటి వైద్య నైతిక నియమాల ప్రకారం డాక్టరు రోగులను ఆకర్షించే ప్రచారం చేయకూడదు. డాక్టరు నడిపే సంస్థ ప్రకటనలో పేరు, చేర్చుకునే రోగులు, సదుపాయాలు, ఫీజులు మించి మరేమీ ఉండరాదు. ఈ నియమం అమలైతే దిల్‌సుఖ్‌నగర్ ఆకాశం మళ్లీ కనిపిస్తుంది. 1954 నాటి చట్టంలో స్థూలకాయం తగ్గిస్తామని మందును ప్రచారం చేయడం నేరం. మాత్రకు ఉన్న ఆ అడ్డు గొట్టానికి లేదు. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి చాలిన శిక్షణ కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. వంటల వీడియోలకు లేని ఈ హెచ్చరిక వైద్యానికి అవసరమైందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇక తనిఖీల సంగతా? 2025 జనవరిలో దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న సరూర్‌నగర్‌లో అలకనంద ఆస్పత్రిలో అక్రమ కిడ్నీ మార్పిడులు బయటపడ్డాయి. కిడ్నీలు మారిపోతున్నా కనిపించని చోట, కొవ్వు కనిపిస్తుందనుకోవడం అత్యాశ.

ఈ దేశంలో లైపోసక్షన్ గురించి నిజం చెప్పే శాఖలు రెండున్నాయి. మొదటిది పన్నుల శాఖ. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, పుట్టుకతో వచ్చిన లోపాన్నో గాయాన్నో సరిచేయడానికి కాని సౌందర్య శస్త్రచికిత్సకు లేదు. పన్ను కట్టాల్సిందే. రెండోది బీమా. సౌందర్య చికిత్సలు పాలసీల్లో మామూలు మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. ప్రకటన దాన్ని చికిత్స అంటుంది, సర్కారు సరుకు లెక్క వేస్తుంది, బీమా కంపెనీ అయితే చేతులు దులుపుకుంటుంది.

తెలంగాణలో పదిమంది పెద్దల్లో సుమారు ముగ్గురు అధిక బరువున్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇంతమంది ఉన్న చోట ఈ వ్యాపారం ఆగదు, ఆపాలనీ లేదు. అడగడం నేర్చుకుంటే చాలు. చేసేది ఎవరు, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ డిగ్రీ ఉందా? మత్తు డాక్టరు పక్కన ఉంటారా? ఎన్ని లీటర్లు తీస్తారు, ఎంత లిడోకెయిన్ ఇస్తారు? రాత్రి పన్నెండింటికి ఊపిరాడకపోతే ఏ ఐసీయూకి తీసుకెళ్తారు? మూడు నెలల తర్వాత ఎగుడుదిగుడుగా తేలితే సరిచేసే ఖర్చు ఎవరిది? నిఖార్సైన సర్జన్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, కొందరిని మీకు ఇది పనికిరాదని తిప్పి పంపుతాడు కూడా. జవాబుకు బదులు ఈ రోజే కడితే ఇరవై శాతం తగ్గింపు అన్న మాట వినిపిస్తే మాత్రం లేచి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల దారిన దిగి రావడం మేలు. ఆ మెట్లు లోపలి కొవ్వు మీద కూడా పనిచేస్తాయి, వాటికి జీఎస్టీ లేదు.