చక్రసూత్రము: జయచామరాజీయ వ్యాఖ్యా సహితము

మూలం:
"18×8.5, ఈటీ 45, 5×112, సీబీ 57.1, త్రీ పీస్ ఫోర్జ్‌డ్. అడ్వాన్స్ 70 శాతం."

అవతారిక: బెంగుళూరు మారతహళ్ళిలో కాపురమున్న ఒకానొక సాఫ్ట్‌వేరు వాడు, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 కలవాడు (మన దేశానికి 200 మాత్రమే వచ్చిన బండి గనుక గర్వమూ కలవాడు), చక్రాలు మార్చదలచి జె.సి. (జయచామరాజేంద్ర) రోడ్డులో ఒక అంగడివాణ్ణి ఆశ్రయించగా, అతడు వాట్సాప్‌లో అనుగ్రహించిన సూత్రమిది. కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యకు కూర్చున్నాడు. ఇక్కడ కావలసిన సంగతులన్నీ మూలంలో లేనివే గనుక మనకా ఒట్టు చెల్లదు.

టీక: 18 = అంగుళాలలో రిమ్ము వ్యాసము; 8.5 = దాని వెడల్పు; 5×112 = 112 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టు కంతలు; సీబీ 57.1 = హబ్బు మీద బిగుతుగా కూర్చోవలసిన నడిమి కంత, మిల్లీమీటర్లలో; ఈటీ 45 = రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ నడుమ దూరం; త్రీ పీస్ = మధ్య బిళ్ళ, లోపలి బ్యారెల్, బయటి లిప్పు అను మూడింటిని చిన్న బోల్టులతో బిగించి, అతుకుకు సీలెంట్ పట్టించినది; ఫోర్జ్‌డ్ = పోత పోసినది కాక, అల్యూమినియం దిమ్మను ప్రెస్సులో నొక్కి చేసినది; అడ్వాన్స్ = స్పష్టము.

విశేషం: పండితులు జారిపడేది ఈటీ దగ్గరే. కంపెనీ చక్రం 18×7.5, ఈటీ 51. వెడల్పు అంగుళం పెరిగితే చెరో పక్కకు 12.7 మి.మీ. జరుగుతుంది. ఈటీ ఆరు తగ్గితే చక్రమంతా ఆరు బయటికి వస్తుంది. వెరసి బయటి అంచు 18.7 మి.మీ. మడ్‌గార్డు వైపు, లోపలి అంచు 6.7 మి.మీ. షాకబ్జార్బరు వైపు. నలుగురెక్కి హంపు దాటితే టైరు ఎక్కడ రాసుకుంటుందో ఈ లెక్కే చెబుతుంది. ఒక్క ముక్క పోత చక్రమైతే అచ్చులో ఏ కొలత ఉంటే దానికే మనం సర్దుకోవాలి. మూడు ముక్కలదైతే లిప్పు ఇంత, బ్యారెల్ ఇంత అని విడివిడిగా కోరుకోవచ్చు. 1970లో జర్మనీ షిల్టాక్‌లో బౌమ్‌గార్ట్‌నర్, బ్రాండ్ మొదలుపెట్టిన బీబీఎస్ వారు పందెపు కార్లకు ఈ రకం చేసింది తళుకు కోసం కాదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "19" అని కనబడుచున్నది. 225/40 ఆర్18 టైరుకు పక్కగోడ 90 మి.మీ.; 235/35 ఆర్19కి 82. సర్జాపుర రోడ్డు గుంతలో రిమ్మును కాపాడేది ఆ ఎనిమిదే. కావున 19 ప్రక్షిప్తము.

శంక: "లిప్పు వంగితే లిప్పొక్కటే మారుస్తాం సార్, చక్రమంతా పోదు" అని అంగడివాని వాదము. నిజమేనా?

సమాధానం: సగం నిజం. ఫుట్‌పాత్‌కు గీసుకునేది లిప్పు. గుంతలో ఎక్కువగా వంగేది లోపలి అంచు. బయటి అంచుకు దగ్గర్లో మధ్య బిళ్ళ దన్నుంటుంది, లోపలి దానికేమీ ఉండదు. అంటే డబ్బిచ్చేది మెరిసే లిప్పు చూసి, దెబ్బ తినేది ఎవరికీ కనబడని బ్యారెల్. అది మార్చాలంటే టైరు ఊడదీసి, బోల్టులన్నీ విప్పి, పాత సీలెంట్ గీకి, ఎదురెదురు వరసలో టార్క్ రెంచితో బిగించి, కొత్త సీలెంట్ ఆరేదాకా ఆగి, సబ్బునీళ్ళతో గాలి పోతుందేమో చూసి, బ్యాలెన్సింగ్ చేయించాలి. ఆ బ్యారెల్ విదేశం నుంచి వచ్చేదయితే అందాకా స్టెప్నీయే గతి.

మూలకారుని మౌనం రెండు చోట్ల. ఫోక్స్‌వ్యాగన్ వంశపు బండ్ల (స్కోడా అందులోదే) కంపెనీ బోల్టు మెడ గుండ్రం, బయట దొరికే చక్రాల కంతలు చాలావరకు కోను ఆకారం. రెండూ కలిపితే బిగుతు నిలవదు. ఇక, తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చరాదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌పై 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి జె.సి. రోడ్డు సంప్రదాయంలో వ్యాఖ్య లభ్యం కాదు.

తాత్పర్యం: ఓ కారు గలవాడా! నీ బండికి సరిపడు చక్రములు చేయించెదను, డబ్బు పంపుమని భావము. శిష్యుడు "బ్యారెల్ గోడ మందమెంత?" అని అడుగగా, రెండు నీలి టిక్కులు పడి, బదులుగా యూపీఐ స్కానర్ ఫోటో వచ్చెను.