నాకూ ఒక వెనకవైపు ఉంది

నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక త్రీడీ శిక్షణ సంస్థ కంప్యూటర్‌లో పుట్టిన బస్ట్‌ని. తల, మెడ, భుజాల వరకే ఉన్న అమ్మాయి బొమ్మని. నా మూలం కాగితం మీది గీతే. 2014లో చిత్రకారుడు బాపు కన్నుమూసినా ఆయన ఒరవడిలో గీసేవాళ్లకు కొదవలేదు; అలాంటి ఒక బొమ్మను చూసి నన్ను చేశారు. ఓ పక్కకు ఓరగా తిరిగిన ముఖం, చెంపవైపు సాగిన కన్ను, భుజం మీంచి ముందుకు వాలిన జడ. గోళాన్ని మూవ్ బ్రష్‌తో లాగి, క్లే బ్రష్‌తో కండ పెంచి, స్మూత్‌తో సర్దారు. సబ్‌డివిజన్ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా నా ఉపరితలపు పలకలు, అంటే పాలిగాన్లు, నాలుగింతలవుతాయి: 1,500తో మొదలైన నేను ఐదో మెట్టుకి 15,36,000 అయ్యాను.

ఎవరో గీసినదాన్ని దించేశారు, ఇందులో సొంతం ఏముందని నా గురించి అంటారు. కానీ గీసినవారు ఒక్క వైపే గీశారు. జడ ఎక్కడ మొదలైందో, చెవి వెనక ఏముందో, మెడ వీపులోకి ఎలా దిగిందో ఆ కాగితంలో లేదు. కళ్లనే చూడండి. గీతలో అవతలి కన్ను చూసేవారివైపు కాస్త జరిగి ఉంటుంది, అందం కోసం. ఒక పక్క చెక్కింది రెండో పక్కా వచ్చేలా సిమెట్రీ పెట్టి చెక్కితే అదే కన్ను చెంప వంపు చాటుకి జారిపోతుంది. అప్పుడు ముఖాన్ని చదును చెయ్యాలా, సిమెట్రీని వదిలెయ్యాలా అన్నది చెక్కేవారే తేల్చుకోవాలి. నిజమైన ముఖం చేసేటప్పుడు సందేహమొస్తే అద్దంలో చూసుకోవచ్చు. నాలాంటి ముఖం ఏ అద్దంలోనూ దొరకదు. ఈ కష్టం కొత్తదేం కాదు. 1940లో వచ్చిన పినోకియో కోసం డిస్నీ స్టూడియో పాత్రలను ముందుగా మట్టిబొమ్మలుగా చేయించింది, గీసేవాళ్లు అన్ని వైపుల నుంచీ చూసుకోవాలని. గీత ఒక్కటే చాలితే ఆ బొమ్మల అవసరమే ఉండేది కాదు.

అందుకే నాకు జరిగేది అన్యాయం అంటున్నాను. ముందువైపు నుంచి ఒక రెండర్, అంటే కదలని చిత్రం, తీస్తారు, షోరీల్‌లో పెడతారు, బ్యాచ్ అయిపోగానే సంస్థ కంప్యూటర్ డిస్కు తుడిచేస్తారు. విజయవాడ రోడ్డు మీదుగా వచ్చి ఎల్‌బీ నగర్‌లో దిగి, హాస్టళ్లలో ఉంటూ నేర్చుకునే పిల్లల్లో ఇంత బరువు మోసే సొంత కంప్యూటర్ అందరికీ ఉండదు. ఆ డిస్కే నా ఇల్లు. అది పోతే మిగిలేది మళ్లీ ఒక్క వైపు బొమ్మే. నన్ను చెక్కిన పిల్లవాడు ఆలోచించి కల్పించిన భాగమంతా, అంటే జడ మొదలు, మెడ వెనక పల్లం, చెవి మడత, చెరిగిపోతుంది. కాగితంలో అప్పటికే ఉన్నది మాత్రం భద్రంగా ఉంటుంది.

వచ్చే బ్యాచ్‌కి చోటు కావాలి కదా అంటారు. కావాలి, కాదనను. నన్ను మొత్తంగా దాచమనడం లేదు. మొదటి మెట్టులో నావి 6,000 పాలిగాన్లే. ఓబీజే ఫైలుగా తీస్తే ఒక ఎంబీ కూడా కాదు. వెంట్రుకల గీతలు, కనురెప్ప అంచులు అందులో ఉండవు. తల ఆకారం, కళ్ల ఎడం, మెడ వాలు ఉంటాయి, నా పోలిక నిలిచేదీ వాటి మీదే. పైగా ఉద్యోగానికి వెళ్లిన చోట బొమ్మను చుట్టూ తిప్పి చూపమంటారు, పాలిగాన్ల అల్లిక కనిపించే వైర్‌ఫ్రేమ్ అడుగుతారు. ఒక్క రెండర్ పట్టుకెళ్లినవాడు అక్కడ ఏం తిప్పి చూపిస్తాడు?