పదిహేను రోజుల్లో మొదటి పేజీ

గూగుల్ మొదటి పేజీలో కనబడే లింకులు సుమారు పది. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి. వాటి యజమానులకు ఎప్పుడో ఒకప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వస్తుంది. "సార్, పదిహేను రోజుల్లో మీ వెబ్‌సైట్‌ని గూగుల్ మొదటి పేజీలో నంబర్ వన్ చేస్తాం. గ్యారంటీ." అదే గొంతు, అదే వాక్యం, అదే గ్యారంటీ పక్క ఫ్యాక్టరీకీ వెళ్తుంది. దాని పక్క ఫ్యాక్టరీకీ వెళ్తుంది. అందరూ నంబర్ వన్ అయ్యే పోటీ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఎల్‌కేజీ పిల్లల ఆటల్లో తప్ప. ఆ పది చోట్లలో కూడా అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ఇండియామార్ట్ లాంటి పెద్దోళ్లు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు ముందే సీట్లు పట్టుకుని ఉంటారు. మిగిలిన ఒకటి రెండు సీట్లకే ఈ వందల గ్యారంటీలన్నీ.

ఈ విద్యను సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అంటారు, ముద్దుగా ఎస్‌ఈఓ. అసలు విద్య చెడ్డదేం కాదు. ఆ మాటకొస్తే చాలా చిన్నది, చదవడం వచ్చిన ఎవరైనా నేర్చుకోగలిగేది. నా తగాదా దాన్ని మంత్రవిద్యలా మూటగట్టి, నెలవారీ చందాకు అమ్మేవాళ్లతో.

నంబర్ వన్ స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత మార్గదర్శకాల్లోనే రాసి పెట్టింది. హామీ ఇచ్చేవాళ్లతో, గూగుల్‌తో తమకు ప్రత్యేక సంబంధం ఉందని చెప్పుకునేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని కూడా అక్కడే ఉంది. ప్రకటనలకు డబ్బు కట్టినంత మాత్రాన మామూలు ఫలితాల్లో పైకి రారని కూడా ఉంది. అంటే, ఇంటాయన గుమ్మం మీద "లోపలికి చేర్చే దళారులు మాకు లేరు" అని బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ బోర్డు కిందే నిలబడి టిక్కెట్లు అమ్ముతున్నారన్నమాట. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఉద్దానం ప్రాంతంలోని కవిటిలో నాకు తెలిసిన కొబ్బరి పీచు తాళ్ల వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఆయనకు గ్యారంటీ ఇచ్చిన నిపుణుడు మాట తప్పలేదు. సరిగ్గా పదిహేనో రోజున ఫోన్ చేసి, గూగుల్లో ఈ ముక్క కొట్టి చూసుకోండి సార్ అన్నాడు: "ఉద్దానం ప్రీమియం ఎకో ఫ్రెండ్లీ కొబ్బరి పీచు తాళ్ల ఉత్తమ సరఫరాదారు కవిటి." కొట్టాడు. నిజంగానే మొదటి పేజీ, మొదటి లింకు. ఆనందంతో ఇంటిల్లిపాదికీ చూపించాడు. పాపం, అప్పటికి భూమి మీద ఈ వాక్యాన్ని టైపు చేసినవాళ్లు ఇద్దరే. ఒకరు అమ్మినవాడు, రెండోవారు కొన్నవాడు. ఎవరూ వెతకని మాటకు మొదటి స్థానం రావడం ఏమంత కష్టం కాదు. ఇంకెవరూ పోటీ చేయని వార్డులో ఏకగ్రీవం లాంటిది అది. తాడు కావలసినవాడు "కొబ్బరి తాడు ధర" అని కొడతాడు. అక్కడ మన వ్యాపారి పదో పేజీలో కూడా లేడు.

ఇంకో తమాషా ఉంది. ఫలితాలు అందరికీ ఒకేలా రావు. వెతికేవాడు ఎక్కడున్నాడు, ఇదివరకు ఏం చూశాడు అన్నదాన్నిబట్టి కూడా మారతాయి. రోజూ పొద్దున్నే టీ తాగుతూ సొంత సైటును తెరిచి చూసుకునే మనిషికి, కవిటిలో కూర్చుని ఉన్న ఆయన ఫోన్లో, ఆ సైటు పైకి రాక ఏమవుతుంది? కూకట్‌పల్లిలో ఉన్న వాళ్ల మేనల్లుడిని కొట్టి చూడమంటే "కనబడ్డం లేదు మావయ్యా" అన్నాడు. నిపుణుడిని అడిగితే, "అక్కడ నెట్ స్లోగా ఉండుంటుంది సార్" అన్నాడట. హైటెక్ సిటీ పక్కన నెట్ స్లో, కవిటి కొబ్బరితోటలో ఫాస్ట్. సరే.

ఇక ఆ సైటు. పైన పెద్ద బొమ్మ: తెల్లటి ఇసుక, నీలి నీళ్లు, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఊయల, అందులో టోపీ పెట్టుకున్న ఒక దొరసాని. తాడు మాత్రం ఊయలకి కట్టినదొక్కటే, అదీ నైలాన్ తాడు. కింద ఈ రాత: "కవిటి కొబ్బరి తాళ్లు కావాలా? కవిటిలో కొబ్బరి తాళ్లు కొనాలనుకునేవారికి మా కవిటి కొబ్బరి తాళ్లే కవిటిలోని ఉత్తమ కొబ్బరి తాళ్లు." చదివినవాడికి తాడు కొనబుద్ధి అవుతుంది, కానీ వేరే పనికి. ఫోన్ నంబరు ఎక్కడుందని వెతికితే, అన్నిటికన్నా అడుగున బూడిదరంగు అక్షరాల్లో ఉంది. అది వ్యాపారిది కాదు, సైటు కట్టిన కంపెనీది.

ఒకే మాటను ఇలా కుక్కి కుక్కి రాయడం 1990ల నాటి ఉపాయం. గూగుల్ పుట్టింది 1998లో. ఒక పేజీని ఎవరెవరు సిఫారసు చేస్తూ లింకు ఇచ్చారన్నదాన్ని లెక్కలోకి తీసుకోవడం దాని అసలు బలం. పేజీలో ఎవరికీ కనబడకుండా దాచే "కీవర్డ్స్" ట్యాగును వెబ్ ఫలితాల వరుసకు తాము వాడబోమని 2009 సెప్టెంబరులోనే గూగుల్ బాహాటంగా చెప్పింది. ఈనాటికీ మన నిపుణుల బిల్లులో "మెటా కీవర్డ్స్ సెట్టింగ్" అని ఒక వరుస ఉంటుంది. చచ్చిన గేదెకు దాణా బిల్లు.

తర్వాత లింకులు అమ్మే దుకాణాలు వచ్చాయి. డబ్బిస్తే వెయ్యి సైట్ల నుంచి మీకు సిఫారసు పుట్టిస్తారు. అందులో సగం మందుల సైట్లు, మిగతా సగం జూదం సైట్లు. కవిటి కొబ్బరి తాడుకు ఎక్కడో ఉన్న పేకాట సైటు సిఫారసు చేస్తే గూగుల్ నమ్మాలి! 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ ఇలాంటి కొన్న లింకుల బాగోతంలో పత్రికకెక్కి, గూగుల్ ఫలితాల్లో అమాంతం కిందికి జారింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి ఇలాంటి సైట్లను గూగుల్ గంపగుత్తగా దించేసింది. అంతకుముందు 2006లో బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ జర్మనీ సైటు, వెతికేవాడికి ఒకటీ గూగుల్‌కి ఒకటీ చూపించే మాయ పేజీలు పెట్టిందని, కొన్నాళ్లపాటు ఫలితాల నుంచే వెలివేశారు. బీఎండబ్ల్యూనే గెంటినవాడు మన పీచు తాళ్ల సైటును చూసి మొహమాటపడతాడా?

ఇప్పుడు నెలనెలా వచ్చే రిపోర్టు సంగతి. ఇరవై పేజీల పీడీఎఫ్. ప్రతి పేజీలో పచ్చ బాణాలు పైకి చూస్తుంటాయి. "మీ సైటు ఈ నెల వేలసార్లు కనబడింది" అని రాసి ఉంది. ఎవరికి, ఏ మాటకు అన్నది లేదు. ఆ వివరం గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే పనిముట్టులో ఉచితంగా దొరుకుతుంది. ఏ మాట కొట్టినప్పుడు మన పేజీ కనబడింది, ఎంతమంది నొక్కారు, అంతా. దాని తాళం యజమాని దగ్గర ఉండాలి. ఉండేది నిపుణుడి దగ్గర. డొమైన్ పేరు కూడా నిపుణుడి పేరు మీదే రిజిస్టరై ఉంటుంది, చందా ఆపిన మర్నాడు సైటే మాయమవుతుంది. ఆ వ్యాపారి పోరుపెట్టి తాళం తీసుకుని, వాళ్ల అబ్బాయి చేత తెరిపించి చూస్తే తేలింది. ఆ వేలల్లో ఎక్కువ "ఉద్దానం" అన్న మాట మీద వచ్చినవి. "ఉద్దానం కిడ్నీ", "ఉద్దానం క్రియాటినిన్", "ఉద్దానం నీళ్లు".

ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. ఉద్దానం అని గూగుల్లో కొడితే మన కొబ్బరి ముందు రాదు, జీడి రాదు, పనస రాదు. కిడ్నీ జబ్బు వస్తుంది. దశాబ్దాలుగా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లను తింటున్న ఆ జబ్బుకు కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ప్రపంచానికి మా నేల పేరు ఆ జబ్బుతోనే తెలిసింది. ఈ ప్రాంతం పేరును కీవర్డ్‌గా తగిలించే ముందు ఆ పేరు ఒక్కసారి వెతికి చూసినవాడు ఎవడైనా ఈ సంగతి అర నిమిషంలో గ్రహించేవాడు. చూడకుండా తగిలించి, జబ్బు గురించి తెలుసుకోవడానికి వచ్చిన డాక్టర్లనీ విద్యార్థులనీ రోగుల పిల్లలనీ తాళ్ల ఖాతాదారుల లెక్కలో రాసి, పచ్చ బాణం గీశాడు. గ్యారంటీని క్షమించొచ్చు గానీ ఈ బాణాన్ని క్షమించడం నావల్ల కాదు.

అసలు ఎస్‌ఈఓ అందరికీ కావాలా? వేసవిలో కంచిలి వైపు నుంచి పనసకాయలు లారీలెక్కి ఒడిశా, బెంగాల్, బిహార్ వెళ్తాయి. ఆ లారీల్లో ఒక్కటి కూడా ఎవరి మెటా ట్యాగూ చదివి రాలేదు. వెయ్యి కాయల లెక్కన కొబ్బరి కొనే షావుకారు గూగుల్ చూడడు, ఫోన్లో పాత నంబరు చూస్తాడు. టోకు వ్యాపారికి సైటు పరువు కోసం తప్ప పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. ఎవరికి పనికొస్తుందంటే, పావుకిలో, అరకిలో పార్సిల్ పంపే చిన్న జీడిపప్పు దుకాణానికి. నర్సరీలకు పీచుపొట్టు అమ్మేవాడికి. ఎక్కడో బెంగళూరులో కూర్చుని ఊరి పప్పు కోసం వెతుక్కునే మనవాళ్లు వాళ్ల దాకా రావాలి కాబట్టి.

వాళ్లు నేర్చుకోవలసింది ఎంత? జీడిపప్పు దుకాణానికి రోజూ వచ్చే ఫోన్లు వినండి. "గుండ్లా, బద్దలా?" "240 ఉందా, 320 ఉందా?" "కిలో ఎంత?" "హైదరాబాద్ పంపిస్తారా, ఎన్నాళ్లు పడుతుంది?" ఈ నాలుగు ప్రశ్నలకు తెలుగులో నాలుగు జవాబులు రాసి సైటులో పెడితే ఎస్‌ఈఓలో ముప్పాతిక భాగం అయిపోయినట్టే. డబ్ల్యూ 240 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు తూగేది. డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది, ధర తక్కువ. పలాసలో పప్పు గ్రేడు చేసే ఆడవాళ్లు చేత్తో తడిమి చెప్పగలిగే ఈ సంగతి ఎన్ని పలాస జీడిపప్పు సైట్లలో తేటగా రాసి ఉందో వెతికి చూడండి. ఉండదు. "మేము నాణ్యతకు కట్టుబడి ఉన్నాం" అని ఉంటుంది. నాణ్యతకు కట్టుబడలేదని రాసుకునే దుకాణం ఎక్కడైనా ఉందా?

"మా గురించి" అన్న పేజీ ఇంకా ఘోరం. "దశాబ్దాల విశ్వసనీయత." మన తాళ్ల వ్యాపారి తోట 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు నేలమట్టమైంది. మళ్లీ మొక్కలు నాటాడు, కాపు వచ్చేదాకా పక్కూళ్ల నుంచి డొక్కలు కొని తాళ్లు పేనించాడు. ఈ మాట ఇంకెవరూ రాయలేరు, ఎక్కడినుంచీ కాపీ కొట్టలేరు. నిపుణుడు అడగలేదు. ఆయన దగ్గర "దశాబ్దాల విశ్వసనీయత" రెడీమేడ్‌గా ఉంది, నెల కిందట పెట్టిన దుకాణానికీ అదే అంటిస్తాడు.

మ్యాపులో కనబడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉంది, ఉచితం. బోర్డు మీద ఉన్న పేరు, ఫోను, తెరిచే వేళలు, సొంత ఫోన్‌తో తీసిన ఫోటోలు. దుకాణం నిజమేనని చాలాసార్లు ఒక వీడియో తీసి పంపమంటుంది, పంపాలి. అక్కడ వరుసను నిర్ణయించేవి మూడని గూగులే చెబుతుంది: వెతికినదానితో సంబంధం, దూరం, ఎంత పేరున్న దుకాణమన్నది. డబ్బిచ్చి ఆ వరుస మార్చుకునే దారి లేదని కూడా చెబుతుంది. ఏ నిపుణుడూ కవిటిని జరిపి కూకట్‌పల్లి పక్కన పెట్టలేడు. అందుకని దుకాణం పేరులోనే "బెస్ట్ హోల్‌సేల్ కవిటి సోంపేట ఇచ్ఛాపురం" అని ఇరికిస్తారు. అది నిబంధనలకు విరుద్ధం, ఫిర్యాదు వెళ్తే ప్రొఫైలే ఆపేస్తారు. కొన్న రివ్యూల సంగతి ఇక చెప్పకండి. కవిటి తాడు గురించి ఎన్నడూ ఉద్దానం తొక్కని యాభైమంది ఒకే రోజు "నైస్ సర్వీస్, ఫ్రెండ్లీ స్టాఫ్" అని రాస్తే, తాడుకే నవ్వొస్తుంది.

ఈమధ్య కొత్త సరుకు దిగింది. 2024 నుంచి గూగుల్ ఫలితాల నెత్తిన ఏఐ జవాబు కనబడుతోంది కదా, అందులో నంబర్ వన్ చేస్తారట. అందులో కనబడటానికి వేరే ప్రత్యేక అర్హతలేవీ లేవని గూగుల్ రాసి పెట్టింది. దాన్ని చదివే తీరిక అమ్మేవాళ్లకు లేదు, కొనేవాళ్లకూ లేదు.

ఇదంతా చెబితే తాళ్ల వ్యాపారి నన్నే అనుమానంగా చూశాడు. "ఏటి బాబూ, ఇవన్నీ ఉచితమంటావేటి? మరాడు నెలనెలా పట్టుకుపోయినదేటికి?" జవాబు చెప్పలేకపోయాను. వాళ్ల అబ్బాయి మాత్రం ఆ దొరసానిని ఊయలతో సహా తీసేసి, పెరట్లో ఆరేసిన పీచు ఫోటో పెట్టాడు. తాడు ధర, పీచుపొట్టు ధర, సొంత ఫోన్ నంబరు పైన రాశాడు. "కీవర్డ్ డెన్సిటీ పడిపోతుంది సార్" అని నిపుణుడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకు కడియం నర్సరీల వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి పీచుపొట్టు ఎంతకిస్తారని అడిగాడు. బేరం కుదరలేదు, లారీ కిరాయి సరుకు కన్నా ఎక్కువ తేలింది. తండ్రీకొడుకులు ఇప్పుడు ఆ కిరాయి తగ్గే దారి వెతుకుతున్నారు, గూగుల్లో కాదు, సోంపేట లారీ స్టాండులో.